పడినోడి వాటా

మెడలో మాల ఉండగా మనిషిని కొట్టకూడదు. ఆ నియమాన్ని మావాళ్ళు తు.చ. తప్పకుండా పాటించారు. హైవే పక్కన వ్యాను ఆపి, కొబ్బరికాయ కొట్టి, శరణు చెప్పి, ఒకరి తర్వాత ఒకరు వరసగా మాలలు తీయించుకుని, ఆ తర్వాతే కొట్టుకున్నారు. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకని నోటితో చెప్పడం మానేసి రాస్తున్నాను.

అప్పట్లో నేను గుంటూరు మిర్చి యార్డులో హమాలీని. మాది తుళ్ళూరు పక్క ఊరు. పొలాలు రాజధానికి పోయాక భూమి ఉన్నవాళ్ళకి ప్లాట్లూ, ఏటేటా కౌలూ వచ్చాయి. ఆ పొలాల్లో కూలికి వెళ్ళే మాలాంటి ఇళ్ళకి నెలకింతని పింఛనొచ్చింది, అది బియ్యానికే సరిపోయేది కాదు. డిగ్రీ పాసై, దానికి ఉద్యోగం దొరక్క, యార్డుకొచ్చి టిక్కీలు మోశాను. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోనె బస్తా. డిగ్రీ చదివి టిక్కీలు మోసేవాడికి కోపం ముక్కు మీద ఉంటుంది. నాకు ఇప్పటికీ ఉంది, దాన్ని దాచుకునే ఉద్దేశం లేదు.

మా ముఠాకి ఒక మేస్త్రి ఉండేవాడు. యాభై దాటిన మనిషి. ఎవరు ఏ లారీ ఎక్కించాలో, ఎవరు ఏ కొట్టుకి వెళ్ళాలో చెప్పేది ఆయనే. ఏళ్ళ తరబడి శబరిమల వెళ్ళి వెళ్ళి గురుస్వామి కూడా అయ్యాడు కాబట్టి డిసెంబరు వస్తే మాకు మాలలు వేసేదీ ఆయనే. మిగతా రోజుల్లో మమ్మల్ని తిట్టే నోటి నుంచే ఆ నలభై రోజులూ దీవెనలు తీసుకునేవాళ్ళం. ఆయన బామ్మర్ది కూడా ముఠాలోనే ఉండేవాడు. నాకంటే చిన్నవాడు. రెండు టిక్కీలు ఒకేసారి వీపు మీద వేసుకునేవాడు, ఆ బలం చూపించడానికి ఎప్పుడూ ఏదో ఒక సాకు వెతుక్కునేవాడు.

ఆ ఏడు ముఠాలో ఎనిమిదిమందిమి మాల వేసుకున్నాం. నాకది మొదటిసారి. తొమ్మిదో మనిషి వ్యాను డ్రైవరు, నల్లపాడు సాయిబుగారు. అందరం భాయ్ అనేవాళ్ళం. వ్యాను ఆయనది కాదు, ఓనరు వేరే ఉన్నాడు. ఈయనకి జీతమూ, బయటికెళ్తే బత్తా. గుంటూరు దాటకముందే ఆయన కూడా చెప్పులు తీసి సీటు కింద పడేశాడు. అదేంటి భాయ్ అంటే, "అందరూ ఉత్తకాళ్ళతో ఎక్కిన బండి. నేనొక్కణ్ణే చెప్పులేసుకుని తొక్కితే బాగోదు స్వామీ," అన్నాడు. ఎరుమేలిలో కొండకి వెళ్ళే స్వాములందరూ ముందు మసీదుకి వెళ్ళి మొక్కుతారు కదా, అక్కడ ఆయనే మాకు దారి చూపిస్తూ ముందు నడిచాడు. మేస్త్రి ఆయన భుజం మీద చెయ్యి వేసుకుని ఫొటో దిగాడు. ఆ ఫొటో చాలా రోజులు మా ముఠా వాట్సాప్ గ్రూపుకి ముఖచిత్రంగా ఉంది.

దర్శనం బాగా అయింది. తిరుగు ప్రయాణంలో, కేరళ ఇంకా దాటకముందు, టీకోసం ఒకచోట ఆగాం. దుకాణం ముందు ఒక ముసలాయన అట్టకి క్లిప్పులు పెట్టి లాటరీ టికెట్లు అమ్ముతున్నాడు. మన దగ్గర లాటరీలు లేవు కాబట్టి అందరికీ అదో వింత. కొందామా అని ఒకడన్నాడు, కొందామని అందరం అన్నాం. దారిఖర్చులకి మేమంతా కలిపి వేసుకున్న డబ్బు మేస్త్రి సంచిలో ఉండేది. డీజిలుకని పక్కన పెట్టింది పోను, సంచి దులిపితే చిల్లరతో సహా నలభై తేలింది. టికెట్టు యాభై. "ఎవరి దగ్గరన్నా పది ఉందా?" అన్నాడు మేస్త్రి. మా ఒంటి మీద చొక్కాలు లేవు, నడుముకి నల్ల పంచెలు తప్ప. చొక్కా వేసుకున్నది భాయ్ ఒక్కడే. జేబులోంచి పది కాగితం తీసి ముసలాయన చేతిలో పెట్టాడు.

"తగిల్తే నాకూ వాటా ఇయ్యాల స్వామీ," అన్నాడు నవ్వుతూ.

"తగిల్తే నీకు లేకుండానా భాయ్!" అన్నాడు మేస్త్రి.

అందరం విన్నాం. బామ్మర్ది కూడా విన్నాడు, టీ గ్లాసు పట్టుకుని నా పక్కనే నిలబడి ఉన్నాడు.

మర్నాడు నెల్లూరు దాటాక బామ్మర్ది ఫోనులో నంబరు చూసుకుని అరిచాడు. లక్ష రూపాయల బహుమతి. మొదట ఎవరూ నమ్మలేదు. టికెట్టు చేతులు మారింది, ఒక్కొక్కరం నంబరు పైకి చదివాం. నమ్మాక వ్యాను దద్దరిల్లేలా శరణు కొట్టాం. భాయ్ హారను మీద నుంచి చెయ్యి తీయలేదు. ఎదురొచ్చే లారీలవాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే తిరిగి హారన్లు కొట్టారు. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న వ్యాను మళ్ళీ ఎక్కలేదు.

ఆ సంతోషం కావలి దాకా ఉంది. అక్కడ బామ్మర్ది ఫోనులో లెక్క వేసి, "తలకి పన్నెండున్నర వేలు," అన్నాడు.

"తొమ్మిదిమందికి లెక్క వెయ్యి," అన్నాను నేను. నా గొంతు మామూలుగానే ఉంది. ఎవరో పొరపాటున తప్పు లెక్క వేస్తే సరిచేసినట్టే చెప్పాను.

"తొమ్మిదో వాడెవడు?"

నేను డ్రైవరు సీటు వైపు చూపించాను. భాయ్ అద్దంలోంచి మమ్మల్ని చూశాడు, వెంటనే చూపు రోడ్డు వైపు తిప్పుకున్నాడు.

"మాల లేనోడికి వాటా ఏంది స్వామీ? ఆయనకి బత్తా ఇస్తన్నాంగా," అన్నాడు బామ్మర్ది.

"పది రూపాయలు వేశాడు స్వామీ."

"ఆ పది నేనిస్తా స్వామీ. వంద ఇస్తా, తీస్కోమను."

తొమ్మిదైతే ఒక్కొక్కరికీ తగ్గేది పధ్నాలుగు వందలకి లోపు. యార్డులో సీజన్లో రెండు రోజులు గట్టిగా మోస్తే వచ్చే కూలి. దానికోసం ఒంగోలు దాకా వ్యానులో గొడవ. దీక్షలో ఉన్నాం కాబట్టి తిట్టు తిట్టుకీ చివర స్వామి తగిలించక తప్పలేదు. నోరు ముయ్యి స్వామీ, సిగ్గులేదా స్వామీ, నీ బతుకెంత స్వామీ. మిగిలిన ఐదుగురిలో ఇద్దరు నా వైపు తిరిగారు, ముగ్గురు బామ్మర్ది వైపు. మేస్త్రి మాత్రం కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. తగిల్తే నీకు లేకుండానా అన్న మనిషి ఆయన. ఆ ఒక్క మాట మళ్ళీ పైకి అంటే చాలు, గొడవ అక్కడితో ఆగేది. ఆయన అనలేదు. పన్నెండున్నర వేలు ఆయనకీ పన్నెండున్నర వేలే.

భాయ్ ఒక్కసారే నోరు తెరిచాడు. "నాదీ ఉంది కదా స్వామీ అందులో," అన్నాడు, వెనక్కి తిరక్కుండా.

ఒంగోలు ఇవతల ఒక చిన్న హోటలు దగ్గర వ్యాను ఆపాడు. రెండు వైపులా పొగాకు చేలు. దిగీదిగగానే బామ్మర్ది నా ఛాతీ మీద వేలు పెట్టి పొడిచాడు. "మెడలో మాలుంది గాబట్టి బతికిపోయావు స్వామీ," అన్నాడు.

"అయితే తీసెయ్ స్వామీ," అన్నాను.

వాడు తిన్నగా బావ దగ్గరికి వెళ్ళి, మాల తీయమని తల వంచాడు. ఇంటికి వెళ్ళి గుళ్ళోనో, కన్నతల్లి చేతనో తీయించుకోవలసిన మాల. తీయనంటే సరిపోయేది. కానీ మేస్త్రికి ఇంకో భయం పట్టుకుంది. మాల మెడలో ఉండగా వీళ్ళు కొట్టుకుంటే ఆ పాపం వేసినవాడిదే. కొట్టుకోకుండా ఆపడం కంటే, మాల తీసి కొట్టుకోనివ్వడం ఆయనకి తేలిగ్గా తోచింది. ఇరుముడిలో మిగిలిన కొబ్బరికాయ తీసి కల్వర్టు రాయికేసి కొట్టాడు. మంత్రం చదివి బామ్మర్ది మాల తీశాడు. నేనూ తల వంచాను. ఆ తర్వాత మిగతావాళ్ళు. చివర్న తనదీ తీసుకున్నాడు.

తీసిన మాలలు ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి సమస్య. నేల మీద పెట్టకూడదు. వ్యానులో సీట్ల నిండా విడిచిన బట్టలూ అంట్ల గిన్నెలూ ఉన్నాయి. మేస్త్రి చుట్టూ చూసి, "భాయ్, ఇవి కాస్త పట్టుకో," అన్నాడు. భాయ్ హోటలు కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి పట్టుకున్నాడు. ఎనిమిది మాలలు ఎడమ చేతికి చుట్టుకుని, ఛాతీకి అదిమి పెట్టుకున్నాడు. ఎవరి వాటా గురించి కొట్టుకోబోతున్నామో ఆ మనిషి చేతికే మా దేవుణ్ణి అప్పగించాం. అది ఆ ఎనిమిదిమందిలో ఒక్కడికీ వింతగా అనిపించలేదు.

మొదటి దెబ్బ నాదే. ఇన్నాళ్ళూ యార్డులో దాచుకున్నదంతా కలిపి కొట్టాను. బామ్మర్ది పై పెదవి చీలింది. వాడు కింద పడి లేచేలోపు ఇద్దరు నన్ను వెనక నుంచి పట్టుకున్నారు. నా వైపువాళ్ళు వాళ్ళని పట్టుకున్నారు. టిక్కీలు మోసే చేతులు, దెబ్బ ఎక్కడ పడినా ఎముకకి తగులుతుంది. ఒకడి చెవి చిరిగి మెడ మీదకి రక్తం కారింది. మేస్త్రి ఆపడానికని వచ్చి, వ్యానులోని పులుసు గరిటెతో నా వీపు మీద బాదాడు. ఆపేవాడు రెండు వైపులా బాదాలి కదా, ఒక్క వైపే బాదాడు. పంచెలు ఊడిపోయి, డ్రాయర్లతో దుమ్ములో దొర్లుతున్న మమ్మల్ని హోటలు కుర్చీల్లోంచి జనం లేచి ఫోన్లలో తీసుకున్నారు. స్వాములు, స్వాములు అని ఒకావిడ అరుస్తూనే ఉంది.

బామ్మర్ది వ్యాను వెనక్కి వెళ్ళి జాకీ రాడ్డు తీసుకొచ్చాడు. నేను చూడలేదు. నా మీద కూర్చుని ఒకడు నా తల నేలకి కొడుతున్నాడు, నాకు వాడి మోకాలు తప్ప ఏమీ కనబడటం లేదు. భాయ్ చూశాడు. "ఒరేయ్, వద్దురా!" అని అరుస్తూ మధ్యలోకి వచ్చాడు. రెండు చేతులూ ఖాళీగా ఉండి ఉంటే రాడ్డు పట్టుకునేవాడే, గట్టి మనిషి. ఎడమ చెయ్యి మాలలతో ఛాతీ మీదే ఉంది. కుడి చెయ్యి ఒక్కటే అడ్డం పెట్టాడు.

ఎండిన పత్తికట్టె కాలి కింద విరిగిన చప్పుడొచ్చింది. భాయ్ రోడ్డు మీద కూర్చుండిపోయాడు. మణికట్టు పైన చెయ్యి వంగకూడని చోట వంగి ఉంది. కాసేపటికి వాంతి చేసుకున్నాడు, అప్పుడు కూడా మాలల మీద పడకుండా తల పక్కకి తిప్పాడు.

నేను లేచి, బామ్మర్ది చేతిలోంచి రాడ్డు లాక్కుని, వాడి మోకాలి కింద కొట్టాను. రెండోసారి కూడా కొట్టాను. అందుకు నాకు ఇవాళ్టికీ బాధ లేదు. హోటలువాడు గిన్నెలు కడిగిన నీళ్ళ బకెట్టు మా మీద గుమ్మరించాక గాని విడిపోలేదు.

ఒంగోలు ఆసుపత్రికి వ్యానును నేనే తోలాను. కళ్ళ మీదికి రక్తం కారుతుంటే తుడుచుకుంటూ తోలాను. చెయ్యి ఎలా విరిగిందని అక్కడ అడిగితే భాయ్ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. లాటరీలో నా వాటా నాకివ్వమన్నానని గొడవైంది, రాడ్డుతో కొట్టారు అన్నాడు. పోలీసులొచ్చి రాసుకున్నారు. బామ్మర్ది మీద కేసైంది. భాయ్ చేతికి ఆపరేషను చేసి లోపల రేకు వేశారు. వేళ్ళు మునుపటిలా ముడుచుకోవని, గేరు రాడ్డు పట్టుకోవడం కష్టమని చెప్పారు. ఓనరు వారం తిరక్కుండా వ్యాను తాళం ఇంకొకడికిచ్చాడు.

మేస్త్రి టికెట్టు పట్టుకుని మళ్ళీ కేరళ వెళ్ళాడు. ఏవేవో కాగితాలు పెట్టి, పన్నూ కమిషనూ పోను మిగిలిన డబ్బుతో తిరిగొచ్చాడు. ఆ సాయంత్రం యార్డులో కాటా షెడ్డు వెనక అందర్నీ కూర్చోబెట్టాడు. కొత్త పంట వచ్చే రోజులు, చుట్టూ టిక్కీలు మనిషి ఎత్తుకి పేర్చి ఉన్నాయి.

"తొమ్మిది వాటాలు వేశాను," అన్నాడు.

నాకు ఒక్కసారి ఒళ్ళు తేలికైంది. లేచి వెళ్ళి ఆయన కాళ్ళకి దండం పెట్టబోయాను కూడా. అంతలో ఆయనే అన్నాడు: "ఎనిమిది మనయి. తొమ్మిదోది పడినోడి వాటా."

ఇది మా యార్డు ముఠాల్లో ఉండే పద్ధతి. వారం కూలి పంచుకునేటప్పుడు ఉన్న మనుషుల కంటే ఒక వాటా ఎక్కువ వేస్తారు. ఆ వారం ఎవడైనా టిక్కీ కింద పడి నడుం విరిగినా, కాలు మెలిక పడినా అది వాడికి వెళ్తుంది. ఎవరూ పడకపోతే పక్కన పెడతారు. నేను యార్డులో చూసిన మంచి పనుల్లో అదొకటి. నా చీలమండ వాచినప్పుడు రెండు వారాలు ఆ వాటాతోనే తిన్నాను. దాన్ని పట్టుకొచ్చి భాయ్‌కి అంటగట్టాడు మేస్త్రి. అంతే డబ్బు. ఒక్క రూపాయి కూడా తేడా లేదు.

"అది ఆయన వాటా. పది వేశాడు. పడినందుకు కాదు," అన్నాను.

"డబ్బు అంతేగదరా! ఏ పేరైతే నీకేందిరా?" అన్నాడు మేస్త్రి.

"అంతే అయితే ఆ మాటే అనండి. ఆయనా వేశాడు, ఆయనదీ ఉంది అని ఒక్క మాట."

ఆయన లేచి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అట్టా అంటే ఏమవుద్దో తెలుసా? ఆడి డబ్బు ఆడికీకుండా, అడిగితే చెయ్యి ఇరగ్గొట్టామని మనమే ఒప్పుకున్నట్టు అవుద్ది. పడినోడి వాటా అంటే పొరపాటున తగిలింది, సాయం చేశామని అవుద్ది. బామ్మర్దిని జైలుకి పంపమంటావా? ఆడికి పెళ్ళాం బిడ్డలున్నారు."

"భాయ్‌కి లేరా?"

ఆ ప్రశ్నకి జవాబు బామ్మర్ది చెప్పాడు. ఇంకా కుంటుతూనే వచ్చి నా మెడ వెనక పట్టుకుని, చినిగిన టిక్కీలోకి ముఖం నొక్కాడు. ఇంకో ఇద్దరు చేతులు పట్టుకున్నారు, వాళ్ళలో ఒకడు హైవే మీద నా వైపున కొట్టినవాడే. మిరపగింజలు ముక్కులోకి, కళ్ళలోకి, పగిలిన పెదవుల్లోకి వెళ్ళాయి. అరుద్దామని నోరు తెరిస్తే నోట్లోకి. ఊపిరి పీల్చుకుంటే మంట, పీల్చుకోకపోతే చావు. నేను చచ్చిపోతాననే అనుకున్నాను. వదిలాక కుళాయి కింద తల పెట్టుకుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు. అందులో కారం మంటకి ఏడ్చింది ఎంత, కోపానికి ఏడ్చింది ఎంత అంటే చెప్పలేను. నా వాటా నేను ముట్టుకోలేదు. మేస్త్రి దాన్ని మా అమ్మకి పంపాడు, ఆవిడ తీసుకుని బీరువాలో పెట్టుకుంది. ఆవిడకి నా రోషంతో పని లేదు.

ఆదివారం అందరూ నల్లపాడు బయల్దేరారు. నేనూ వెళ్ళాను. భాయ్ ముందు నిలబడి, ఆ చెయ్యి చూస్తే మేస్త్రి నోటి నుంచి ఆ మాట వస్తుందేమోనని నా ఆశ.

రైల్వే స్టేషను అవతల రేకుల ఇల్లు. భాయ్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది. మమ్మల్ని చూసి లేవబోయాడు. ఆయన భార్య కుట్టుమిషను ఆపి, మా అందరికీ చాప వేసింది. మేస్త్రి డబ్బు కట్ట రుమాలులో కట్టి తెచ్చాడు. దాంతోపాటు కేసు రాజీకి స్టాంపు కాగితం ఒకటి. పొరపాటున దెబ్బ తగిలిందనీ, ఎవరి మీదా ఫిర్యాదు లేదనీ, మానవత్వంతో ముఠా సాయం చేసిందనీ టైపు కొట్టించాడు. తనే చదివి వినిపించాడు.

భాయ్ అంతా విన్నాడు. "ఎంత తెచ్చారు స్వామీ?" అన్నాడు.

మేస్త్రి చెప్పాడు.

"మీ ఒక్కొక్కరికీ ఎంతొచ్చింది?"

"అంతే భాయ్. సరిసమానం. నీ మీదొట్టు."

"అయితే అది నా పది రూపాయలకొచ్చింది. అట్టా చెప్పి ఇవ్వండి, తీసుకుంటా. కేసు కూడా నేనే తీసేసుకుంటా, మీరు కాగితం తేనక్కర్లా." భాయ్ గొంతు పెంచలేదు. "దెబ్బకి మాత్రం ఇయ్యమాకండి. నా చెయ్యి నేను అమ్ముకోలా."

మేస్త్రి నేల చూపులు చూశాడు. అందరం ఆయన్నే చూస్తున్నాం. నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. వచ్చే మాట గొంతు దాకా వచ్చిందని నాకు తెలుసు, పక్కనున్న బామ్మర్ది ఆయన మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు.

"పేరులో ఏముంది భాయ్, డబ్బు డబ్బే," అన్నాడు మేస్త్రి చివరికి. "తీసుకో."

"వద్దు. తీసుకెళ్ళండి."

మేస్త్రి రుమాలు మూట మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడి ఉన్న భాయ్ భార్య ముందుకొచ్చి చెయ్యి చాపింది. "ఇట్టా ఇవ్వండి," అంది. "ఈయన మాటలు తింటాడు. మేం అన్నం తినాల." మూట లాక్కుంది.

భాయ్ ఎడమ చేత్తో ఆమెని కొట్టాడు. చెంప మీద. మంచం మీంచి లేచి, అలవాటు లేని చేత్తో, తూలుతూ కొట్టాడు. ఆ ఇంట్లో అది మొదటిసారి అని ఆమె ముఖం చూస్తే తెలిసింది. ఆమె ఏడవలేదు. నమ్మలేనట్టు చూసింది. తలుపు దగ్గర పక్కింటివాళ్ళు చేరారు. హైవే మీద మొదలైన దెబ్బలు తిరిగి తిరిగి ఆమె దగ్గరికి చేరాయి, ఆ టికెట్టుని కంటితో కూడా చూడని మనిషి దగ్గరికి.

"కొట్టావుగా," అంది ఆమె. "ఇంకోటి కొట్టు. ఇది మాత్రం వదల్ను." మూట చంకలో పెట్టుకుని, మేస్త్రి చేతిలో కాగితం లాక్కుంది. "ఎక్కడ పెట్టాల?"

మేస్త్రి చోటు చూపించి, జేబులోంచి ఇంకుప్యాడు తీశాడు. అది కూడా తెచ్చుకున్నాడు. భాయ్‌కి చదువొచ్చు, రోజూ పేపరు మొదటి నుంచి చివరి దాకా చదివేవాడు. కుడి చెయ్యి కదలదు కాబట్టి సంతకం లేదు. ఆమె ఆయన ఎడమ చెయ్యి పట్టుకుంది. ఇప్పుడే తనని కొట్టిన చెయ్యి. బొటనవేలు ప్యాడు మీద అద్ది, కాగితం మీద తనే నొక్కింది. భాయ్ అడ్డం చెప్పలేదు. ఆమె ముఖం కూడా చూడలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"అయిపోయిందిగా. ఇక పోండి," అందామె.

బయటికొచ్చి చెప్పులు వేసుకున్నాం. సందు మలుపు తిరిగాం. మేస్త్రి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. నా వైపు తిరిగాడు.

"చూశావంట్రా, పెళ్ళాన్ని కొట్టాడు మన ముందే. ఇట్టాంటోడి కోసమా నువ్వు మా అందరితో తన్నులు తిన్నావు?"

అందరూ అవునన్నారు. బామ్మర్ది కూడా కుంటుతూ నడుస్తూ తల ఊపాడు. ఆడమనిషి మీద చెయ్యి చేసుకోవడం ఎంత తప్పో వాడు నాకు రైల్వే గేటు దాకా చెబుతూనే వచ్చాడు.